తుపాకులు చేసే చేతులు: వృత్తి, యంత్రం, చట్టం

వృత్తిపనివాళ్ళ గురించి మన సాహిత్యంలో కథలకు లోటు లేదు. నేతపనివాడు, కుమ్మరి, కమ్మరి, కంచరి – వీళ్ళ బతుకులు కూలిపోవడం మీద మన రచయితలు విరివిగా రాశారు. వాటిలో మంచివి వున్నాయి. అయితే ఎక్కువ భాగం ఒకే మూసలో నడుస్తాయి. మగ్గం మూలపడుతుంది, సారె ఆగిపోతుంది, కొలిమి ఆరిపోతుంది. యంత్రం వచ్చింది, వృత్తి పోయింది అని కన్నీళ్ళతో కథ ముగుస్తుంది.

ఈ మూసలో రెండు లోపాలు నాకు కనిపిస్తాయి. ఒకటి: యంత్రం ఆకాశం నుంచి వూడిపడినట్టు వుంటుంది. దాన్ని ఎవరు తెచ్చారు, ఎవరి అవసరానికి తెచ్చారు, దానిలో వున్న నైపుణ్యం ఎక్కడి నుంచి వచ్చింది అనే ప్రశ్నలు రావు. రెండు: చేత్తో చేసిన వస్తువు చేత్తో చేసిందన్న కారణంగానే పవిత్రమైపోతుంది. ఆ వస్తువు ఎవరి చేతికి పోయి ఏం చేసిందో రచయిత అడగడు.

ఈ లోపాలను పరీక్షించుకోవడానికి నేను తుపాకి పనివాడిని ఎంచుకున్నాను. నేతపనివాడి మీద వచ్చినంత సులభంగా యితని మీద జాలి రాదు. అదే యిక్కడ సౌకర్యం. జాలి తేలిగ్గా రానిచోట రచయిత ఆలోచించక తప్పదు.

1. చేతిలో వున్నదేమిటి?

ముందు ఆ పని ఎలాంటిదో తెలియాలి. 18, 19 శతాబ్దాల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద తుపాకి కేంద్రాల్లో ఒకటి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. అక్కడ సెయింట్ మేరీ చర్చి చుట్టుపక్కల సందులన్నీ తుపాకి పనివాళ్ళవే. నెపోలియన్‌తో యుద్ధాల కాలంలో, 1804 నుంచి 1815 దాకా, ఆ వూరు ప్రభుత్వానికి 17 లక్షలకు పైగా తుపాకులు చేసి యిచ్చింది. యింత సరుకు చేసిన వూళ్ళో పెద్ద ఫ్యాక్టరీ అంటూ ఒక్కటీ లేదు. తుపాకి యజమాని అనిపించుకున్నవాడికి వుండేది ఒక గోదాము మాత్రమే. గొట్టం అతికేవాడు ఒకడు, తొలిచేవాడు ఒకడు. పేల్చే మీట, స్ప్రింగు కొలిమిలో సాగగొట్టేవాడు ఒకడు, వాటిని ఆకురాయితో రాసేవాడు మరొకడు. కొయ్య మడమ చెక్కేవాడు, మెరుగు పెట్టేవాడు, నగిషీ చెక్కేవాడు – యిలా డజన్ల కొద్దీ చేతులు. ఎవరి యింట్లో వాళ్ళు, ఎవరి కొట్టంలో వాళ్ళు. భాగాలు బుట్టల్లో వీధి నుంచి వీధికి తిరిగేవి. కూలి వస్తువు లెక్కన.

ఈ పనివాళ్ళ నైపుణ్యం కంట్లోనూ వేళ్ళలోనూ వుండేది. తొలిచిన గొట్టం నిటారుగా వుందో లేదో చూసే పనివాడు దాన్ని కిటికీ వెలుతురు కేసి ఎత్తిపట్టి లోపలికి చూస్తాడు. గొట్టం లోపలి గోడ మీద పడే నీడ గీత ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ సుత్తితో ఒక దెబ్బ వేస్తాడు. మళ్ళీ చూస్తాడు. కొయ్యలో ఇనుప భాగం అమర్చేవాడు ఇనుముకి దీపపు మసి పట్టించి కొయ్యలో నొక్కి తీస్తాడు. మసి అంటిన చోట కొయ్య ఎత్తుగా వున్నట్టు. అక్కడ ఒక పొర చెక్కి మళ్ళీ నొక్కుతాడు. ఇనుమూ కొయ్యా సందు లేకుండా కలిసేదాకా యిదే పని.

దీని ఫలితం ఒకటి వుంది. ఒక తుపాకి మీట యింకో తుపాకికి పట్టదు. ప్రతి తుపాకీ తనకు తానే కొలత. విరిగితే మళ్ళీ పనివాడి దగ్గరికే రావాలి. పనివాడి బేరానికి బలం అక్కడే వుంది. అతని చేతిలో లేని కొలత యింకెక్కడా లేదు.

2. కొలత చేయి మారింది

ఈ బలమే సైన్యాలకు యిబ్బంది అయింది. యుద్ధభూమిలో మీట విరిగితే యింకో తుపాకి మీట తీసి బిగించుకునే వీలు కావాలి. 1780ల్లోనే ఫ్రాన్సులో హోనోరే బ్లాంక్ అనే తుపాకి పనివాడు ఒకదాని బదులు ఒకటి అమరే భాగాలు చేసి చూపించాడు. అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా వున్న జెఫర్సన్ ఆ భాగాలను స్వయంగా కలిపి చూసి 1785లో స్వదేశానికి రాశాడు. ఆ ఆలోచనను పట్టుదలగా ఆచరణలోకి తెచ్చింది అమెరికా ప్రభుత్వ ఆయుధశాలలు. హార్పర్స్ ఫెర్రీలో జాన్ హాల్ 1820ల్లో చేసిన రైఫిళ్ళ భాగాలు కలగలిపి, మళ్ళీ బిగించి పరీక్షించారు, అమరాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో థామస్ బ్లాంచర్డ్ 1819లో కొయ్య మడమలు చెక్కే యంత్రం కనిపెట్టాడు. నమూనా మడమ మీద ఒక చక్రం పాకుతుంటే దాన్ని అనుసరించి కత్తి పచ్చి కొయ్యను అదే ఆకారంలో చెక్కుతుంది.

యిక్కడ మనం గమనించవలసింది గేజి అనే చిన్న ఇనుప ముక్కను. పనివాడు చేసిన భాగం గేజిలో పడితే మంచిది, పడకపోతే చెడ్డది. నీడ గీత చదివే కన్ను, మసి మరక చదివే వేలు యిక తీర్పు చెప్పవు. ఆ తీర్పు ఇనుప ముక్కలోకి మారింది. ఆ ఇనుప ముక్క తనిఖీదారు దగ్గర వుంటుంది. యంత్రం రాకముందే, యింకా ఆకురాయితోనే పని జరుగుతుండగానే గేజి వచ్చింది. అంచేత పనివాడు మొదట పోగొట్టుకున్నది కొలత మీద హక్కు. పని పోవడం ఆ తర్వాతి సంగతి. మన కథల్లో సాధారణంగా తప్పిపోయే మెట్టు యిదే.

ఈ మార్పు శాంతంగా జరగలేదు. హార్పర్స్ ఫెర్రీ పనివాళ్ళు తమకు తోచినప్పుడు వచ్చి, తోచినప్పుడు పోయి, వస్తువు లెక్కన కూలి తీసుకున్నవాళ్ళు. క్రమశిక్షణ బిగించిన థామస్ డన్ అనే పర్యవేక్షకుడిని 1830లో ఎబెనీజర్ కాక్స్ అనే పనివాడు అతని కార్యాలయంలోనే కాల్చి చంపాడు. కాక్స్‌ను అదే ఏడు వురితీశారు. 1842లో సైనికాధికారి పెత్తనం కింద గడియారం ప్రకారం పని చెయ్యమన్నప్పుడు పనివాళ్ళు పని మానేశారు. పడవ మాట్లాడుకుని కాలువ మీద వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు టైలర్‌కు మొరపెట్టుకున్నారు. ఆయన మర్యాదగా మాట్లాడి వెనక్కి పంపాడు. గడియారం నిలిచింది. చరిత్రకారుడు మెరిట్ రో స్మిత్ 1977లో ప్రచురించిన పుస్తకంలో ఈ పోరాటమంతా వివరంగా వుంది. వృత్తిపనివాడి గురించి రాయదలచిన ప్రతి రచయితా చదవదగిన పుస్తకం అది.

ఆ యంత్రాలు ఇంగ్లండుకు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1851 లండన్ ప్రదర్శనలో అమెరికా రైఫిళ్ళు చూశారు. 1854లో పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. అదే సంవత్సరం జాన్ ఆండర్సన్ తదితరులు అమెరికా వెళ్ళి యంత్రాలు కొన్నారు. కొద్ది ఏళ్ళలో ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారంలో 1853 నమూనా రైఫిలు యంత్రాల మీద తయారు కాసాగింది. 1857లో మన సిపాయిల ముందుకు వచ్చిన కొవ్వు రాసిన తూటాలు ఈ నమూనా రైఫిలు కోసం చేసినవే. బర్మింగ్‌హామ్ యజమానులు 1861లో కూడబలుక్కుని బి.ఎస్.ఎ. పేరుతో తామే యంత్రాల ఫ్యాక్టరీ పెట్టారు. యజమానులకు యిలా దారి దొరికింది. సందుల్లో ఆకురాయి పట్టుకున్నవాడికి మిగిలింది ధనికుల వేట తుపాకుల మీద నగిషీ పని, మరమ్మతు పని.

3. లెస్కోవ్ చూసింది

ఈ మార్పును సాహిత్యంలో నాకు తెలిసినంతలో అందరికంటే లోతుగా పట్టుకున్నవాడు రష్యన్ రచయిత నికొలాయ్ లెస్కోవ్. తూలా వూరి పుర్రచేతివాటం తుపాకి పనివాడి మీద 1881లో ఆయన రాసిన కథ ప్రసిద్ధం. తూలాలో పీటర్ చక్రవర్తి 1712లో ఆయుధశాల స్థాపించాడు. ఇంగ్లీషువాళ్ళు రష్యా చక్రవర్తికి ఆడే ఉక్కు మిడుత లాంటి బొమ్మ ఒకటి – నిజానికి యింకా చిన్నది, ఉక్కు నల్లి కన్నా చిన్న పురుగు – చూపించి తమ పనితనం చాటుకుంటారు. మా పనివాళ్ళు తక్కువా అని తర్వాతి చక్రవర్తి దాన్ని తూలా పంపుతాడు. ముగ్గురు పనివాళ్ళు తలుపులు బిగించుకుని పనిచేసి ఆ పురుగు కాళ్ళకు నాడాలు కొడతారు. నాడాల మీద పనివాళ్ళ పేర్లున్నాయి. పుర్రచేతివాడి పేరు మాత్రం లేదు. ఎందుకంటే అతను చేసింది నాడాలు కొట్టిన మేకులు. అవి ఏ భూతద్దానికీ కనిపించవు.

యింతవరకే కథ అయితే అది జాతి గర్వం కథ. లెస్కోవ్ అక్కడ ఆగలేదు. నాడాలు కొట్టాక ఆ పురుగు ఆడదు. ఇంగ్లీషువాళ్ళు పుర్రచేతివాడితో, నీకు గణితం వచ్చివుంటే ఆ యంత్రం బరువు లెక్క తెలిసేది అంటారు. అతనికి తెలిసింది ప్రార్థన పుస్తకమూ కలల పుస్తకమూ మాత్రమే. చేతికి వచ్చింది, లెక్కకు రాలేదు. రచయిత తన నాయకుడిని ఎంత ప్రేమించినా ఈ లోటు దాచలేదు.

అలాగని రచయిత యంత్రం పక్షం చేరిపోలేదు. ఇంగ్లండులో పుర్రచేతివాడు తుపాకుల గొట్టాల్లో వేలు పెట్టి చూస్తాడు. వాళ్ళు వాటిని ఇటుకపొడితో తోమడం లేదని గ్రహిస్తాడు. తోమితే గొట్టం అరిగి గురి తప్పుతుంది. ఈ మాట చక్రవర్తికి చెప్పాలని ఆత్రంగా తిరిగివస్తాడు. ఓడలో అతనితో సమంగా తాగిన ఇంగ్లీషు నావికుడిని రాయబార కార్యాలయం పరుపు మీద పడుకోబెడుతుంది. పుర్రచేతివాడి దగ్గర కాగితం లేదు. గుర్తింపు కాగితం లేనివాడిని ఏ ఆసుపత్రీ చేర్చుకోదు. ఒకచోటి నుంచి యింకోచోటికి యీడ్చి, చివరకు దిక్కులేనివాళ్ళను పడేసే ఆసుపత్రిలో పడేస్తారు. చనిపోతూ అతను చెప్పిన మాట చక్రవర్తి దాకా చేరదు. పై అధికారి అడ్డుపడతాడు. తర్వాత క్రిమియా యుద్ధంలో ఆ తుపాకులతోనే దిగుతారు.

ఆ చివరి భాగంలో లెస్కోవ్ యింకో మాట అంటాడు. తూలాలో యిప్పుడు అలాంటి పనివాళ్ళు లేరని, యంత్రాలు ప్రతిభల్లోని హెచ్చుతగ్గులను సమం చేశాయని. యంత్రం యిచ్చిన లాభాన్ని పనివాళ్ళు కాదనరు, పాత రోజులను గర్వంగా తలచుకోవడమూ మానరు. ఈ రెండూ ఒకే మనిషిలో వుంటాయని ఆయనకు తెలుసు. వాల్టర్ బెంజమిన్ 1936లో కథకుడి గురించి వ్యాసం రాస్తూ లెస్కోవ్‌నే వుదాహరణగా తీసుకున్నాడు. కథ చెప్పడం చేతిపనుల లోకంలో పుట్టి పెరిగిందని ఆయన వాదన. లెస్కోవ్‌కే ఎదురైన ఒక అనుభవం దీనికి తోడు చెప్పుకోవచ్చు. ఈ కథ ఒక ముసలి తుపాకి పనివాడి నోట విన్నదేనని ఆయన ముందుమాటలో రాశాడు. విమర్శకులు ఆ మాట పట్టుకుని, వున్న కథను రాసిపెట్టాడు తప్ప యిందులో రచయిత చేసిందేమీ లేదన్నారు. అదంతా తన కల్పనేనని ఆయన తర్వాత చెప్పుకోవలసి వచ్చింది. కనపడని మేకులు కొట్టిన పనివాడి కథ రాసినవాడి శ్రమ కూడా కనపడకుండా పోయింది.

4. ముంగేర్

యిక మన దేశానికి వద్దాం. యిక్కడ యంత్రం కంటే ముందు వచ్చింది చట్టం. బీహారులోని ముంగేర్ దీనికి వుదాహరణ.

1760లో బెంగాల్ నవాబయిన మీర్ ఖాసిం కంపెనీ కళ్ళ ముందు నుంచి తప్పుకోవడానికి రాజధానిని ముర్షిదాబాద్ నుంచి ముంగేర్‌కు మార్చాడు. అతని ఆర్మీనియన్ సేనాని గుర్గీన్ ఖాన్ అక్కడ తుపాకుల తయారీ ఏర్పాటు చేశాడు. ఆ తుపాకులను ఇంగ్లండు నుంచి ముద్రతో వచ్చిన తుపాకులతో పోల్చి పరీక్షిస్తే ముంగేర్‌వే మెరుగని తేలినట్టు 'సియర్ ముతాఖరీన్' ఇంగ్లీషు అనువాదకుడు గమనిక రాశాడు. 1763లో ముంగేర్ కంపెనీ చేతికి పోయింది. నవాబు పోయాడు గాని పని పోలేదు. 1848లో ఆ దారిన వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హూకర్ ఆ వూరిని బెంగాలుకు బర్మింగ్‌హామ్ లాంటిదన్నాడు.

ఇలాంటి చరిత్ర మనకూ కొంత వుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అని యివాళ బస్సుస్టాపు పేరుగా పలికే చోట ఫ్రెంచి సేనాని రేమాండ్ 1795లో ఫిరంగులు పోతపోయించాడు. 1798లో నిజాం కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆ ఫ్రెంచి దళాలను రద్దు చేశారు. ఆయుధం ఎవరు చేయాలి అనేది నైపుణ్యాన్ని బట్టి కాక అధికారాన్ని బట్టి తేలిపోయిన సందర్భం అది.

1878లో లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం దీన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. తుపాకి వుంచుకోవడానికి, చేయడానికి, అమ్మడానికి లైసెన్సు కావాలి. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టం మీద తీర్మానం చేసింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం మొట్టమొదట చింతపల్లి పోలీసు స్టేషను మీదికే ఎందుకు వెళ్ళిందో యిక వేరే చెప్పనక్కరలేదు. తుపాకులున్నది అక్కడే.

యిక్కడ ఒక పోలిక చెయ్యాలి. బర్మింగ్‌హామ్‌లోనూ చట్టం వుంది. 1813లో పార్లమెంటు చట్టం ద్వారా అక్కడ పరీక్షశాల పెట్టారు. ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూసి, తట్టుకుంటే ముద్ర వేస్తారు. ఆ చట్టాన్ని కోరుకున్నది తుపాకి వ్యాపారులే. వాళ్ళ సరుకుకు పేరు వచ్చింది, కొన్నవాడి చెయ్యి ఎగిరిపోకుండా వుంది. ఆ చట్టం అడిగిన ప్రశ్న, తుపాకి మంచిదా అని. మన 1878 చట్టం అడిగిన ప్రశ్న, నువ్వెవరు అని. ఒక చట్టం వస్తువును కొలిచింది, యింకోటి మనిషిని కొలిచింది. చట్టం అనే ఒకే మాటతో రెంటినీ కలిపేస్తే ముంగేర్ పనివాడికి జరిగినది అర్థం కాదు.

5. ప్రహరీ లోపలా, వెలుపలా

స్వతంత్రం వచ్చాక 1956 పారిశ్రామిక విధాన తీర్మానం ఆయుధాల పరిశ్రమను ప్రభుత్వ రంగానికి కేటాయించింది. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. 1962 నుంచి అమలయింది. అప్పటికే పనిచేస్తున్న ప్రైవేటు తయారీదార్లను కొనసాగనిచ్చారు గాని కోటా కట్టారు. ముంగేర్‌లో ముప్పై పైచిలుకు యూనిట్లు ఒకే ఆవరణలో, పోలీసు కాపలాలో, అన్నీ కలిపి ఏడాదికి 12 వేల పైచిలుకు తుపాకులకు మించకుండా. అవి కూడా ఒంటి గొట్టం, జంట గొట్టాల వేట తుపాకులు. నమూనా మార్చడానికి, పెంచడానికి వీలు లేక పనితనం ఆ గిరిలోనే తిరిగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట తుపాకికి వేటే లేకుండా పోయింది. ఈ చట్టం మంచిదే. కాని దాని భారం పడినవాళ్ళలో ఆకురాయి పట్టినవాడు కూడా వున్నాడు. కొత్త లైసెన్సులు తగ్గిన కొద్దీ ఆ కోటా కూడా నిండడం మానింది.

పనిపోయిన చేతులు ఎక్కడికి పోతాయి? కొన్ని కూలికి పోయాయి. కొన్ని ప్రహరీ దాటి దొంగచాటు కొట్టాల్లోకి పోయాయి. ముంగేర్ చుట్టుపక్కల పల్లెల్లో రహస్యంగా నాటు తుపాకులు చేసే చోట్లు పట్టుబడ్డాయన్న వార్తలు దశాబ్దాలుగా వస్తున్నాయి. 2018లో జబల్‌పూర్ కేంద్ర ఆయుధ గిడ్డంగి నుంచి దొంగిలించిన ఎ.కె.47లు ముంగేర్ ప్రాంతంలో బయటపడ్డాయి. ఆకురాయి పట్టే నైపుణ్యం ప్రహరీ లోపల వుంటే వృత్తి, వెలుపల వుంటే నేరం.

ఈలోగా తలుపు యింకొకరికి తెరుచుకుంది. 2001లో రక్షణ పరిశ్రమలోకి ప్రైవేటు పెట్టుబడిని అనుమతించారు. 2016లో కొత్త ఆయుధాల నిబంధనలు వచ్చాయి. 2021లో ప్రభుత్వ ఆర్డ్‌నెన్సు కర్మాగారాల బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడదీశారు. బర్మింగ్‌హామ్ పేరుతో వెలిగిన వెబ్లీ అండ్ స్కాట్ ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో రివాల్వర్లు చేయడానికి వచ్చింది. మన హైదరాబాద్‌లో కంప్యూటరు అదుపులో నడిచే యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి 2024లో సైన్యానికి తుపాకులు చేసి యిచ్చే ఆర్డరు సంపాదించింది. కొలత యిప్పుడు గేజిలో కూడా లేదు, కంప్యూటరు లెక్కలో వుంది. పెట్టుబడి వున్నవాడికి నిబంధన దారి చూపింది. రెండున్నర శతాబ్దాలు ఆ పని చేసిన వూరికి మాత్రం అది గోడగానే మిగిలింది.

6. రచయిత ముందున్న చిక్కు

యిదంతా విని, అయితే ఆ పనివాళ్ళందరికీ లైసెన్సులిచ్చి స్వేచ్ఛగా తుపాకులు చెయ్యనివ్వమంటావా అని ఎవరైనా అడగవచ్చు. అనను. 1997 డిసెంబరు 1 రాత్రి అదే బీహారులో లక్ష్మణ్‌పూర్ బాథేలో భూస్వాముల సేన 58 మంది దళితులను కాల్చి చంపింది. ఆ తుపాకులు ఎక్కడ చేసినవి అన్నది నా వాదనకు అవసరం లేదు. తుపాకి ఎవరి చేతికైనా చేరవచ్చు అనే చోట అది ముందుగా చేరేది భూమి వున్నవాడి చేతికే. కాబట్టి నియంత్రణ వుండాలి. ఆ నియంత్రణకు ఖరీదు ఎవరు కట్టారన్న ప్రశ్న కూడా వుండాలి. ఈ రెంటినీ ఒక కథలో పట్టుకోవడమే రచయిత ముందున్న చిక్కు.

ఈ చిక్కు కొత్తది కాదు. బర్మింగ్‌హామ్ తుపాకి యజమాని శామ్యూల్ గాల్టన్ హింసను నిరసించే క్వేకర్ మతశాఖ సభ్యుడు. ఆ వూరి తుపాకులు ఆఫ్రికాలో బానిసల వ్యాపారానికి కూడా పోయేవి. 1796లో క్వేకర్లు అతన్ని వెలివేశారు. పన్నులు కట్టే ప్రతివాడికీ, యుద్ధంతో ముడిపడ్డ ఏ సరుకు చేసేవాడికైనా యిందులో భాగం వుంది కదా, నన్నొక్కడినే ఎందుకంటారు అని అతను వాదించాడు. ఆ వాదన యజమాని తప్పించుకోవడానికి పనికివచ్చింది నిజమే. అయినా అందులోని ప్రశ్న మిగిలే వుంది. వస్తువు చేసిన పాపం ఎవరిది? లాభం తీసుకున్న గాల్టన్‌దీ, నీడ గీత చూసి గొట్టం సరిచేసిన కూలివాడిదీ ఒకే పాపమా?

యువ రచయితలకు, విద్యార్థులకు నేను చెప్పదలచుకున్నది మూడు ముక్కల్లో చెబుతాను. వృత్తిపనివాడి గురించి రాసేటప్పుడు పనిని తెలుసుకుని రాయండి. మసి పట్టించి నొక్కి తీయడం లాంటి వివరం పది కన్నీటి వాక్యాల కంటే బలమైనది. యంత్రం వచ్చిందని రాసే ముందు కొలత ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో చూడండి. నేత మగ్గం దగ్గరా, కంసాలి త్రాసు దగ్గరా, యివాళ కంప్యూటరు ముందు కూర్చున్న గుమాస్తా దగ్గరా ఆ ప్రశ్న పనికివస్తుంది. చట్టం గురించి రాస్తే అది వస్తువును కొలుస్తోందా, మనిషిని కొలుస్తోందా అడగండి.

"మినీ గన్ ఫ్యాక్టరీ పట్టివేత" అని పత్రికలో నాలుగు లైన్ల వార్త పడుతుంది. పోలీసుల మధ్య ముసుగు వేసుకుని నిలబడ్డ ఒక మనిషి, బల్ల మీద పరిచిన గొట్టాలూ ఆకురాళ్ళూ ఫోటోలో వుంటాయి. ఆ మనిషిని వీరుడిగా రాస్తే అబద్ధం. నేరస్థుడని రాసి వదిలేస్తే అది పోలీసు రికార్డు, సాహిత్యం కాదు. అతని చేతికి ఆ పని ఎలా వచ్చింది, ఆ చేతిని ప్రహరీ వెలుపలికి నెట్టిందెవరు, అతను చేసిన తుపాకి ఎవరి గుండెకు గురిపెట్టబడింది – ఈ మూడూ వున్న కథ మన భాషలో యింకా రావలసే వుంది.